మెచ్చుకోలు పత్రంలో లేని తొమ్మిది నిమిషాలు

పోయిన వారం మనం జ్యోత్స్నని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఏం విందో చెప్పకుండా వారం రోజులు ఆగమన్నందుకు మీరు నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నాకు అలవాటే.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పలాసలో జీడిబట్టీల వీధి చివర ఒక అద్దె మేడ మీద ‘తీరరక్ష సహాయ కేంద్రం’ ఉంది. ఉద్దానం ఒడ్డున ఎవరికి ఏ ఆపద వచ్చినా అక్కడికి ఫోన్ చేస్తారు. నలుగురు ఆడపిల్లలు వంతులవారీగా ఆ ఫోన్లు ఎత్తి, అంబులెన్సునో పోలీసు జీపునో దగ్గర్లో ఉన్న బోట్లనో పంపుతారు. కిందటి కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం దిబ్బలపేట బోటు నడిసంద్రంలో తిరగబడింది. అందులో ఎనిమిది మంది. మెడకి కట్టుకున్న పాలిథీన్ సంచిలోంచి సెల్‌ఫోన్ తీసి ఫోన్ చేసినవాడు కూర్మయ్య. ఎత్తింది జ్యోత్స్న. ఏడుగురు బతికి ఒడ్డెక్కారు. కూర్మయ్య మాత్రం రాలేదు.

ఆ ఏడుగురి పుణ్యాన ఈ రిపబ్లిక్ డే నాడు శ్రీకాకుళం పరేడ్ గ్రౌండులో కలెక్టరుగారి చేతుల మీదుగా జ్యోత్స్నకి ప్రశంసాపత్రం. ఫోన్ ఎత్తే పిల్లకి ఇలాంటి మర్యాద జిల్లాలో ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ పత్రాలు అంబులెన్సు నడిపినవాడికి వచ్చాయి, కుట్లు వేసిన డాక్టరుకి వచ్చాయి, ఫొటోలో పక్కన నిలబడ్డ గుమాస్తాకి కూడా వచ్చాయి. ఫోన్ ఎత్తినవాళ్ళని హాజరుపట్టీలో స్వీపరుతోనూ వాచ్‌మన్‌తోనూ కలిపి ‘ఇతరులు’ అనే గీత కింద రాసేవారు. మూడేళ్ళుగా జ్యోత్స్న ఆ గీత కిందే సంతకం పెడుతోంది.

నందిగాంలో ఆమె తండ్రి నారాయణరావు నిన్నటిదాకా కూతురు ఏం చేస్తుందంటే “గవర్నమెంటు వైపు ఏదో” అని నసిగేవాడు. పదెకరాల ఆసామి కూతురు పగలూ రాత్రీ ఎవరో ఒకరి ఫోను ఎత్తుతుందని చెప్పుకోవడం ఆయనకి నామర్దా. ఇప్పుడు రెండు జీపులు మాట్లాడి, తన ఫొటో పెద్దదిగా, కూతురి ఫొటో చిన్నదిగా వేసి ఒక ఫ్లెక్సీ కూడా కట్టించాడు.

ఇక ఆ రికార్డింగు. కేంద్రానికి వచ్చే ప్రతి ఫోనూ కంప్యూటర్‌లో నిలవ ఉంటుంది. తాళం ఇన్‌చార్జి తారకేశ్వరరావుగారి దగ్గర. రెవెన్యూలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. ఫోన్ ఎత్తే పిల్లలకి ఒక గుర్తింపు రావాలని రెండేళ్ళుగా కాళ్ళరిగేలా తిరిగింది ఆయనే, ఆ మాట ఒప్పుకోవాలి. కూర్మయ్య ఫోన్‌లో మొదటి రెండు నిమిషాలు సీడీలో ఎక్కించి, పరేడ్ గ్రౌండులో మైకులో వినిపించడానికి పొద్దున్నే ఒక మనిషి చేతికిచ్చి శ్రీకాకుళం పంపేశాడు. పంపేశాక జ్యోత్స్నని పిలిచి, “నువ్వు కూడా ఓసారి విను. అక్కడ ఏడిచేస్తే బాగుండదు,” అన్నాడు.

జ్యోత్స్న వింది.

తన గొంతు తనకే కొత్తగా ఉంది. కూర్మయ్య ఒక్కో గుర్తూ చెబుతుంటే తను పైకి అంటూ రాసుకుంటోంది. ఆ కేంద్రంలో పని పద్ధతే అది. అవతలివాడు చెప్పిన ప్రతి ముక్కా తిరిగి పలకాలి, తప్పుంటే అతను దిద్దుతాడు. ‘బారువ లైటుహౌసు మహేంద్రగిరి సిన్న కొన కిందకొచ్చింది... జంట తాళ్ళు గుట్ట సందులోకొచ్చినాయి... దిబ్బలపేట బోటు తిరగబడింది, ఎనిమిది మంది...’

అక్కడే, తన గొంతు వెనకాల, ఇంకో గొంతు. చీపురు చప్పుడు ఆగింది. తర్వాత స్పష్టంగా వినిపించింది.

“ఓలమ్మ, మా తావు మీదకే ఎల్లినారు! సావనీ, దొంగ నాయాళ్ళు!”

అది తవిటమ్మ గొంతు. కేంద్రంలో ఊడ్చి, నీళ్ళు పట్టి, టీ కాచే తవిటమ్మ. టైము మూడూ ఏడు. ఆ రోజు చెవులకి హెడ్‌ఫోన్లుండి జ్యోత్స్నకి అది వినపడలేదు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, లేకపోతే జ్యోత్స్న గుండె ఎందుకు జారిందో తెలియదు. సంద్రం మీద వేటకెళ్ళేవాళ్ళకి మైలురాళ్ళుండవు. ఒడ్డు మీద కనిపించే రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి సరిగ్గా వచ్చినచోట ఒక గీత. ఇంకో పక్క ఇంకో రెండు వస్తువులు కలిసినచోట ఇంకో గీత. గీతలు రెండూ కలిసినచోటు తావు. నీటి అడుగున రాళ్ళుండి, చేపలు గుంపుకట్టే తావు దొరికిందా, దాని గుర్తులు ఆ ఇంట్లోనే ఉంటాయి. కొడుక్కి చెప్తారు, అల్లుడికి చెప్పాలంటే నాలుగేళ్ళు ఆలోచిస్తారు. పరాయివాడికి చెప్పడమంటే పొలం రాసిచ్చినంత పని.

ఆ రోజు మొదటి నిమిషం తర్వాత కూర్మయ్య మాట గాలికి ముక్కలైపోయింది. లైటుహౌసు గీత దొరికింది కానీ, ఆ జంట తాళ్ళు, అంటే పక్కపక్కనే ఉన్న రెండు తాడిచెట్లు, ఏ ఊరివో తెలియలేదు. ఉద్దానం పొడుగునా జంట తాళ్ళు లేని ఊరేది? జ్యోత్స్న ఆ ఫోన్ పెట్టేయకుండానే ఇంకో ఫోన్‌లో దిబ్బలపేటకి చేసింది, మా తాళ్ళు కావన్నారు. ఇంకో రెండు ఊళ్ళకి చేసింది, మావీ కావన్నారు. రక్షణ బోటువాళ్ళు ఎన్ని కిలోమీటర్లని విసుక్కున్నారు. మూడూ పదహారుకి తవిటమ్మ మెల్లగా దగ్గరికొచ్చి, “ఆ తాళ్ళు మొగలిపేటయి తల్లీ. ఊరికి ఎదురుగా మోటారు మీద ముప్పావు గంట. ఆ ఊరి బోట్లనే అంపించు,” అంది. జ్యోత్స్న అలాగే పంపింది. తన పేరు మాత్రం ఎక్కడా రాయొద్దని తవిటమ్మ చేతులు పట్టుకుంది. మొగలిపేట తన అత్తింటి ఊరని, అత్తింటివాళ్ళ తావు బయటపెట్టిందని తెలిస్తే ఊళ్ళో పెద్దలు తప్పు వేసి డబ్బు కట్టిస్తారని చెప్పింది. జ్యోత్స్న నమ్మింది. నమ్మడమే కాదు, ఆ మెప్పంతా తన ఒక్కదానిదే అయినందుకు లోలోపల కాస్త సంతోషించింది కూడా. మన పిల్లే కదా అని దాచడం ఎందుకు?

తవిటమ్మ ఆలోచించి ఆలోచించి, చివరికి పోల్చుకుని చెప్పిందనే ఇన్నాళ్ళూ జ్యోత్స్న అనుకుంది. కాదు. మొదటి నిమిషంలోనే తెలుసు. తెలిసి తొమ్మిది నిమిషాలు ఊరుకుంది.

జ్యోత్స్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. “సార్, ఎనకాల ఎవరో మాట్లాడుతున్నారు. మీరు విన్నారా?”

“ఎవరో ముసలమ్మ గొణుగుడు. అదెవరు పట్టించుకుంటారమ్మా?” తారకేశ్వరరావు చొక్కా బొత్తాలు సర్దుకుంటూ లేచాడు. “ముందు వరసలో కూర్మయ్య భార్యకి కుర్చీ వేయిస్తున్నాం. ఫోన్ చేసి చెప్పేను కూడా, మీ ఆయన గొంతు మైకులో వినిపిస్తారని. దిబ్బలపేట, మొగలిపేట నుంచి రెండు బస్సులు వస్తున్నాయి.”

“ఆ సీడీ ఆపొచ్చా సార్?”

ఆయన ఆగి, ఆ పిల్ల వైపు వింతగా చూశాడు. “ఆపడమేటి? జ్యోత్స్నా, నీకొక్కదానికే అనుకోకు. ఈ పత్రం వస్తే నలుగురికీ గుర్తింపు కార్డులిస్తామని పైనుంచి మాటొచ్చింది. ఇకమీదట ‘ఇతరులు’ ఉండరు. అది వదిలేసి ఇప్పుడు సీడీ ఆపమంటే నన్నేటనుకుంటారు?”

ఆయన మెట్లు దిగి భోజనానికి వెళ్ళిపోయాడు. ఫోన్ల దగ్గర రెండో పిల్ల అవతలి గదిలో ఉంది. ఈ గదిలో జ్యోత్స్న ఒక్కతే. బట్టీల్లో జీడిగింజలు కాలుతున్న పొగ కిటికీలోంచి వచ్చి కళ్ళు మండిస్తోంది. మంట పొగ వల్లేనని నేను పూచీ పడలేను.

తవిటమ్మ టీ గ్లాసుతో వచ్చింది. “తాగు తల్లీ. పొద్దున్నుంచి ఏటీ తిన్లేదు.”

“పెద్దమ్మా, కూకో.”

“నాకు పనుంది.”

“కూకోమన్నాను.”

ఆ గొంతులో ఏముందో గానీ, తవిటమ్మ గోడ వారగా నేల మీద కూర్చుంది. జ్యోత్స్న ఇంకేం చెప్పకుండా కంప్యూటర్‌కి స్పీకరు తగిలించి, ఆ ముక్క మాత్రం పెట్టింది. ‘ఓలమ్మ, మా తావు మీదకే ఎల్లినారు...’ గదిలో తవిటమ్మ గొంతు, తవిటమ్మ ఎదుట.

తవిటమ్మ తన గొంతు ఎప్పుడూ బయటినుంచి వినలేదు. ముందు ఎవరా అన్నట్టు చూసింది. తర్వాత అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇన్నావు కదా ఆ పొద్దు?” అంది జ్యోత్స్న. “బోటు తిరగబడిందని కూడా ఇన్నావా?”

“ఇన్నాను.”

“ఎనిమిది మందని?”

“అదీ ఇన్నాను.” తవిటమ్మ తల వంచుకుంది. “నువ్వు రాత్తా పైకి సెప్తావు గదమ్మా. అన్నీ ఇన్నాను.”

“మరి తొమ్మిది నిమిషాలు నోరు కుట్టీసుకున్నావేటి?”

“తొమ్మిదా?” తవిటమ్మ తలెత్తింది. “నాకు తెల్దు తల్లీ. నువ్వు సెప్తే తెలత్తంది. నాకు ఓ గడియ లాగుంది, ఓ పాలి జల్మంత లాగుంది.”

“చావనీ అన్నావు పెద్దమ్మా!”

“నోటికొచ్చిన మాటమ్మా అది. కోడి గిన్నె తిరగేత్తే కోడినీ అంతాను.” అని, తన మాట తనకే నచ్చనట్టు చెయ్యి ఊపింది. “కాదులే. అబద్దం ఎందుకు? ఆ గడియలో నిజంగానే అన్నాను. మా ఇంటాయన ముప్పై ఏళ్ళు తిరిగి సంపాయించిన తావు. నా కడుపున కొడుకు పుట్నేదు. ఆయన పోయినాక ఆ గుర్తులు నాకాడే ఉండిపోనాయి. ఇల్లు మరిది తీసుకున్నాడు, తెప్ప మరిది తీసుకున్నాడు. ఆ గుర్తులొక్కటే నాయి. పొద్దున్నే లేచి ఓపాలి లోపల అనుకుంతాను, మర్సిపోతానేమో అని. అలాంటిది దిబ్బలపేటోళ్ళ నోట ఇన్నాను. మనిసిని సంద్రం మీద ఎంబడించి, సాటుగా సూసి దొంగిలించినారనుకున్నాను. ఒళ్ళు మండిపోనాది.”

“తర్వాత?”

“తర్వాత నువ్వు ఆ ఊరికీ ఈ ఊరికీ ఫోన్ సేసి బతిమాలుతున్నావు. సెప్పీయాలని కాలు లేచినాది. సెప్తే మా ఆయన ఇంకోపాలి పోయినట్టే అనిపించినాది. మల్లా నిలబడిపోనాను.” తవిటమ్మ జ్యోత్స్న ముఖంలోకి చూసింది. “సివరికి సెప్పినాను గదమ్మా. సెప్పినాను గదా?”

జ్యోత్స్నకి కోపం అప్పుడొచ్చింది. జాలి కలగాల్సిన చోట కోపం రావడం కొత్తేమీ కాదు, అది రెండు నెలలుగా లోపల దాక్కున్న కోపం.

“నాకు రెండు నెలలుగా నిద్ర లేదు, తెలుసా? బతికొచ్చినోళ్ళు ఏటన్నారు? ఇంకో పది నిమిషాలు ముందొచ్చుంటే కూర్మయ్య చెయ్యి జారకపోను అన్నారు. ఆ పది నిమిషాలు నావే అనుకున్నాను. నేను గబగబా రాయలేదనుకున్నాను. తెలివైనదాన్నైతే ఆ తాళ్ళు కనుక్కుందును అనుకున్నాను. రోజూ ఇదే కుర్చీలో కూకుని ఏడిచేను. నువ్వు రోజూ టీ తెచ్చిచ్చేవు. ‘ఊరుకో తల్లీ, నీ తప్పేటున్నాది’ అని వీపు నిమిరేవు!”

“నీ తప్పు లేదనే గదమ్మా అన్నాను,” అంది తవిటమ్మ నెమ్మదిగా. “నిజవేఁ గదా అన్నాను.”

టీ మీద మీగడ కట్టింది.

“ఆ సీడీ శ్రీకాకుళం వెళ్ళిపోయింది,” అంది జ్యోత్స్న. “ఎల్లుండి మైకులో వేస్తారు. సార్‌కి ఆ మాటలు గొణుగుడే. మొగలిపేటవాళ్ళకి కాదు. నీ గొంతు వాళ్ళు పోల్చుకోరా? వనజ ముందు వరసలో ఉంటుంది.”

తవిటమ్మ ముఖం పాలిపోయింది. వనజ అంటే కూర్మయ్య భార్య. ఇద్దరు పిల్లలతో, ఇప్పుడు చేపలు ఎండబెట్టే పనికి పోతోంది.

“నాను ఊరొదిలి ఎల్లిపోతాను,” అంది తవిటమ్మ. “నువ్వు ఆ కాయితం తీసుకో. నా పేరు ఎత్తకు. నీకు ఆ మర్యాద రావాల. ముప్పై నిమిసాలు ఆడితో మాట్లాడింది నువ్వే గదా. బాటరీ అయిపోయేదాకా ‘అన్నా, ఉన్నావా’ అని అడిగింది నువ్వే గదా.”

జ్యోత్స్న ఏదో అనబోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

గుమ్మంలో వనజ నిలబడి ఉంది. మెడ బోసిగా ఉంది. చేతిలో న్యూస్‌పేపరు పొట్లం. మెట్లెక్కిన ఆయాసం తగ్గకుండానే నవ్వింది.

“నెత్తళ్ళు తెచ్చినానమ్మా. నానే ఎండబెట్టినాను, ఇసకుండదు.” పొట్లం బల్ల మీద పెట్టి, గోడ వారగా ఉన్న మనిషిని చూసింది. “ఓలమ్మ, తవిటమ్మత్తా! నువ్విక్కడ సేత్తన్నావేటి? నాకు తెల్దే!”

తవిటమ్మ గోడకి ఇంకా దగ్గరగా జరిగింది.

“కూర్చో వనజా,” అంది జ్యోత్స్న కుర్చీ చూపిస్తూ. వనజ కుర్చీలో కూర్చోలేదు, తవిటమ్మ పక్కనే నేల మీద కూర్చుంది.

“ఓ మాట అడగడానికొచ్చినానమ్మా. ఇన్‌చార్జి బాబుగారు ఫోన్ సేసినారు. ఎల్లుండి అంతమందిలో ఆయన గొంతు ఇనిపిత్తారంట గదా. నాకు బయ్యంగా ఉన్నాది. ఆయన పోయిన కాణ్ణించీ ఆ గొంతు ఇన్నేదు. శవం కూడా దొరకనేదు గదా నాకు. మొదటిపాలి ఆ మైదానంలో, కలెక్టరుగారి ముందర ఇంటే, నాను ఏటైపోతానో నాకే తెల్దు. అందుకే ముందుగా ఇక్కడ ఓపాలి ఇనిపించమ్మా. నీ కాళ్ళకి దండం పెడతాను.”

జ్యోత్స్న చూపు తవిటమ్మ మీదికి పోయి వెంటనే వెనక్కి వచ్చింది. నోటికి అబద్ధం సిద్ధంగా దొరికింది. “కంప్యూటర్ పాడైంది వనజా. పొద్దున్నుంచి పనిచెయ్యడం లేదు.”

“అయ్యో,” అంది వనజ. ముఖం చిన్నబోయింది. వచ్చిన బస్సు ఛార్జీ మాట కూడా ఎత్తలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, మాట మార్చడానికన్నట్టు పక్కకి తిరిగింది. “అత్తా, నీకో సంగతి సెప్పాల. ఎన్నాళ్ళుగానో అనుకుంతన్నాను. ఆ పొద్దు ఆళ్ళు ఎల్లింది మీ ఇంటాయన నూకయ్య మావ తావుకే.”

తవిటమ్మ గబుక్కున ఆమె వైపు తిరిగింది.

“మా పెళ్ళికి ముందు ఆయన మీ తెప్ప మీద రెండేళ్ళు పనిసేసినాడు గదా. సివరి యాడాది మావకి ఒంట్లో బాగునేనప్పుడు, ఈయన్ని తీసుకెల్లి ఆ గుర్తులు సూపించినాడంట. ‘నాకు కొడుకుల్లేరురా, ఇది నువ్వుంచుకో. సేపలు బాగా పడిన్నాడు మీ అత్తకి ఓ కోనాం సేప ఇచ్చిరా’ అన్నాడంట. ఈయనకి ఆ తావు మీదకెల్లాలంటే ఇన్నాళ్ళూ మనసొప్పనేదు. మావ పోనాడు, మనవేటి ఎల్తాం అనీవోడు. మొన్న కార్తీకంలోనే మొదటిపాలి ఎల్లినాడు. పొద్దున్న ఎల్లేటప్పుడు నాతో సెప్పినాడు. కోనాం పడితే ముందు తవిటమ్మత్తకి ఇచ్చి, అప్పుడు ఇంటికొత్తాను అని.”

వీధిలో జీడిబస్తాల బండి ఒకటి వెళ్ళింది.

తవిటమ్మ వనజ చెయ్యి పట్టుకుంది. వనజ, ఆవిడకి మొగుడు గుర్తొచ్చాడనుకుని, “ఊరుకో అత్తా,” అని రెండో చేత్తో ఆవిడ వీపు నిమిరింది. జ్యోత్స్న ఆ చెయ్యిని చూడలేక ముఖం తిప్పుకుంది.

“తల్లీ,” అంది తవిటమ్మ. జ్యోత్స్నని పిలిచింది గానీ చూపు వనజ మీదనే ఉంది. “కంప్యూటర్ పాడవనేదు. ఇందాక పనిసేసింది గదా.”

“పెద్దమ్మా, వద్దు.”

“పెట్టు. మొదటికాణ్ణించీ పెట్టు.”

“వద్దన్నాను. నేను సార్‌తో మాట్లాడతాను. ఏదో ఒకటి...”

“ఎల్లుండి అంతమందిలో ఇనాల్సింది, ఈ పొద్దు నా ఎదురుగా ఇననీ.” తవిటమ్మ లేచి గది తలుపు దగ్గరగా వేసి, మళ్ళీ వచ్చి వనజకి ఎదురుగా కూర్చుంది. ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. “వనజా, ఇందులో నీ మొగుడి గొంతొక్కటే కాదు, నా గొంతూ ఉన్నాది. అంతా ఇను. ఇన్నాక నన్నేటి సేత్తావో సెయ్యి. అప్పటిదాకా మట్టుకు నా సేతులు ఒదలకు.”

వనజకి అర్థం కాలేదు. ఆవిడ్నీ జ్యోత్స్ననీ మార్చి మార్చి చూసింది.

జ్యోత్స్న కుర్చీలోంచి లేచింది, మళ్ళీ కూర్చుంది. ఎల్లుండి తనకిచ్చే కాగితం మీద ఏం రాశారో ఆమెకి నోటికొచ్చు. ‘అసాధారణ సమయస్ఫూర్తితో తక్షణమే ప్రమాదస్థలాన్ని గుర్తించి...’ ఆ ‘తక్షణమే’కి తొమ్మిది నిమిషాలు పట్టింది.

మౌస్ నొక్కింది.

ముందు గాలి హోరు, దాని వెనకే అలల చప్పుడు. తర్వాత, రెండు నెలలుగా వనజ వినని గొంతు గదంతా నిండింది.

“అలో... అలో, ఎవులైనా ఉన్నారా?”

వనజ తన చేతుల్లోని చేతుల్ని గట్టిగా పట్టుకుంది.